నోబితా చేతికి ఫోర్క్ ఎలా వచ్చింది?

వేసవి సెలవులకు అమెరికా నుంచి హన్మకొండకో కరీంనగర్‌కో వచ్చే పిల్లలకూ, ఇక్కడి పిల్లలకూ టీవీ ముందు ఒక తగువు వస్తుంటుంది. అక్కడివాళ్లు చూసిన డోరేమాన్ అనే జపాన్ కార్టూన్‌లో పిల్లాడి పేరు నోబీ, అన్నం తినేది ఫోర్క్‌తో. ఇక్కడివాళ్లకు తెలిసింది నోబితా, వాడు తినేది చాప్‌స్టిక్స్‌తో. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. వాళ్లకు చూపించిన కార్టూన్లే వేరు.

జపాన్‌లో టీవీ అసాహి ఛానల్ ఈ కార్టూన్‌ను 1979 నుంచి వేస్తోంది. 2005లో కొత్త బొమ్మలతో మళ్లీ మొదలుపెట్టింది. ఆ కొత్త సిరీస్‌నే 2014 జూలైలో అమెరికాలో డిస్నీ ఎక్స్‌డీ ఛానల్ తీసుకుంది. అయితే ఉన్నదున్నట్టు వేయలేదు. యెన్ నోట్లు డాలర్లయ్యాయి. నోబితా పరీక్షలో తెచ్చుకున్న సున్నా ‘ఎఫ్’ గ్రేడ్ అయింది. వీధిలో కాల్చిన చిలగడదుంపలు అమ్మే బండి పాప్‌కార్న్ బండిగా మారిపోయింది. కథ జరిగేది తమ ఊళ్లోనే అని అమెరికా పిల్లలకు అనిపించాలని ఇదంతా చేశారు.

నా మటుకు ఇది ఆ పిల్లలకు నష్టమే అనిపిస్తుంది. వరంగల్ పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. అయినా గుమ్మం దగ్గర చెప్పులు విడవడం, పక్కకు జరిపే తలుపులు, నేల మీద కూర్చుని పొట్టి బల్ల చుట్టూ భోంచేయడం అన్నీ చూసి తెలుసుకున్నారు. కింద కూర్చుని తినే ఇళ్లు మనవి కూడా కదా, వాళ్లకు కొత్తేమీ అనిపించలేదు.

అన్ని మార్పులూ ఇలా ఇష్టంకొద్దీ చేసినవి కావు. 1997 డిసెంబర్ 16న జపాన్ ఛానల్ టీవీ టోక్యోలో వచ్చిన పోకెమాన్ అనే మరో కార్టూన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు పన్నెండు సార్ల చొప్పున మెరిశాయి. ఆ మెరుపులకు ఒంట్లో తేడా చేసి, చూస్తున్నవాళ్లలో 685 మందిని అంబులెన్సుల్లో ఆసుపత్రులకు తీసుకెళ్లారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. నాలుగు నెలలపాటు సిరీస్ ఆగింది. ఆ ఎపిసోడ్ మళ్లీ ఎక్కడా రాలేదు, మన దేశానికీ చేరలేదు. దీన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

అల్లరి పిల్లాడి కథగా వచ్చిన జపాన్ కార్టూన్ షిన్‌చాన్ సంగతి ఇంత తేలిగ్గా తేలేది కాదు. 1990లో అది మొదలైంది పెద్దవాళ్లు చదివే కామిక్స్ పత్రికలో. 1992లో టీవీకి ఎక్కింది. అమెరికాలో 2006లో రాత్రిపూట, పెద్దవాళ్ల కోసం, జోకులు తిరగరాసి మరీ వేశారు. అదే ఏడాది మన దేశంలో మాత్రం హంగామా అనే పిల్లల ఛానల్లో వచ్చింది. తల్లిదండ్రుల ఫిర్యాదులతో 2008లో ఆపేశారు. పిల్లల కార్యక్రమాల్లో చెడు మాటలు ఉండొద్దని కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. 2009లో కోతలతో తిరిగొచ్చింది. ఆ కోతలు సబబే. అసలు పొరపాటు అంతకుముందే, పిల్లల ఛానల్లో పెట్టినప్పుడే జరిగింది.

బంగ్లాదేశ్ అభ్యంతరం బొమ్మ మీద కాదు, భాష మీద. హిందీ డోరేమాన్ చూసి పిల్లలు హిందీకి అలవాటుపడుతున్నారన్న ఆందోళనతో 2013లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపింది. ఇక్కడ అలాంటి చర్చే జరగలేదు. వరంగల్‌లో చాలామంది పిల్లలు హిందీ నేర్చుకున్నది బడిలో కన్నా ఈ కార్టూన్లలోనే. హిందీ రావడం మంచిదే, తెలుగులో చూసే వీలు లేకపోవడమే బాధ.

డిస్నీ ఛానల్ 2004 డిసెంబర్‌లో దేశంలోకి వస్తూనే తెలుగు ఆడియో కూడా తెచ్చింది. అయినా అది అన్ని ఇళ్లకూ చేరలేదంటే కారణం కేబుల్ పద్ధతి. శాటిలైట్ నుంచి బొమ్మ ఒకటే వస్తుంది, దానితోపాటు రెండు మూడు భాషల ఆడియోలు వస్తాయి. పాత అనలాగ్ కేబుల్‌లో కంట్రోల్ రూమ్‌లోని రిసీవర్‌లో ఏ ఆడియో సెట్ చేస్తే అదే కాలనీ మొత్తానికీ వెళ్లేది. ఇంట్లో రిమోట్ ఎంత నొక్కినా మారేది కాదు. పిల్లలు ఏ భాషలో చూడాలో కేబుల్ ఆయన చేతిలో ఉండేది. వరంగల్ లాంటి పట్టణాల్లో సెట్‌టాప్ బాక్సులకు గడువు 2015 డిసెంబర్ ఆఖరు, పల్లెలకు ఆ తర్వాత. బాక్స్ వచ్చాకే భాష మార్చుకునే బటన్ ఇంటివాళ్ల చేతికొచ్చింది. ఈలోపు ఒక తరం పిల్లలు పెద్దవాళ్లయిపోయారు.

తెలుగు అని మనకు అందేది కూడా గొంతు వరకే. సంగీతం, చప్పుళ్లు వేరే ట్రాక్‌లో ఉంటాయి, మాటలు మాత్రమే మారుస్తారు. అదీ బొమ్మ నోరు తెరిచి మూసేలోపు పట్టేలా రాయాలి. కోతలు దేశమంతటికీ ఒక్కసారే వేస్తారు. కాబట్టి తెలుగు పిల్లల కోసం విడిగా ఆలోచించి చేసినదంటూ ఏమీ ఉండదు. 2009లో సన్ నెట్‌వర్క్ ఖుషీ టీవీ పెట్టినప్పుడు తెలుగులోనే నడిచే పిల్లల ఛానల్ ఒకటి దొరికింది. అప్పుడూ నేను విన్నంతలో పాత్రలన్నీ ఒకే రకం పుస్తకాల తెలుగే మాట్లాడాయి. మన తెలంగాణ మాట మాట్లాడే పిల్లాడు ఒక్కడూ కనిపించలేదు.

ఎవరైనా మన యాసలో డబ్బింగ్ చేయాలనుకుంటే మాత్రం డోరేమాన్‌లో అందరినీ కొట్టే జియాన్‌తో మొదలుపెట్టొద్దు. సినిమాలు ఏళ్లకేళ్లు రౌడీలకూ కమెడియన్లకూ మన మాట అంటగట్టి మనసు నొప్పించాయి. ముందు నోబితా వాళ్లమ్మకు ఇవ్వాలి. హోంవర్క్ చేసినవా అని ఆమె అడిగితే, టీవీ ముందున్న మన పిల్లలు ఒక్కసారి తిరిగి వంటింటి వైపు చూస్తారు.