పగులును వదిలేసి వాగును చూడండి

భ్రంశం (ఫాల్ట్) అనగానే చాలామంది నేలలో నోరు తెరిచిన లోతైన పగులును ఊహించుకుంటారు. సినిమాలు చేసిన పని ఇది. నిజానికి భ్రంశం దగ్గర రెండు వైపుల రాళ్లూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరుగుతాయి. పైన మట్టి, గడ్డి కమ్మేస్తాయి కాబట్టి దాని మీదే నిలబడ్డా మనకు తెలియకపోవచ్చు. దాన్ని బయటపెట్టేది ఎక్కువగా నీళ్లే. నేల కాస్త జరిగినా, వాలు కాస్త మారినా వాగు దారి మారిపోతుంది.

కాలిఫోర్నియాలోని కరిజో మైదానం మీదుగా శాన్ ఆండ్రియాస్ భ్రంశం వెళ్తుంది. వాలెస్ క్రీక్ అనే చిన్న వాగు కొండల నుంచి దిగి వచ్చి, భ్రంశం తగలగానే కుడికి తిరుగుతుంది. దాని వెంబడే సుమారు 130 మీటర్లు పారి, మళ్లీ ఎడమకు తిరిగి దిగువకు పోతుంది. ఆ మెలిక వాగు తనంతట తాను తిరిగింది కాదు, దాని దిగువ భాగాన్ని నేలే పక్కకు లాక్కెళ్లింది. వాగు ఈ దారిని కోయడం మొదలుపెట్టి దాదాపు 3,700 ఏళ్లయిందని మట్టిలో దొరికిన బొగ్గు ముక్కల వయసును బట్టి లెక్కకట్టారు. భాగించి చూస్తే ఏడాదికి సుమారు 35 మిల్లీమీటర్లు. అలాగని ఏటా అంత చొప్పున జరిగిందనుకోకూడదు. అక్కడి భ్రంశం చాలాకాలం బిగుసుకుని ఉండి, పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఒక్కసారిగా కొన్ని మీటర్లు జరుగుతుంది. చివరిసారి అలా జరిగింది 1857లో.

నన్నడిగితే అక్కడ మెలిక కన్నా ముచ్చటైనది పక్కనున్న ఎండిపోయిన పాత వాగు. జరుగుడు మరీ ఎక్కువైపోయాక నీళ్లు గట్టు తెంచుకుని కొత్తగా నేరుగా దారి చేసుకున్నాయి, పాత దారి తల తెగి మిగిలిపోయింది. ఎగువన ఏ వాగూ లేకుండా ఉన్నట్టుండి మొదలయ్యే వాగు దారి ఎక్కడ కనబడినా ఆగి చూడాల్సిందే.

నేల పైకి లేస్తే కథ వేరు. 1819 జూన్ 16న వచ్చిన కచ్ భూకంపంలో రణ్‌లో దాదాపు 80 కిలోమీటర్ల పొడవునా నేల కొన్ని మీటర్లు ఉబ్బింది. మనుషులు కట్టింది కాదు కాబట్టి జనం దాన్ని అల్లా బంద్, అంటే దేవుడి గట్టు అన్నారు. దానికి దక్షిణాన సింద్రీ కోట చుట్టుపక్కల నేల కుంగి నీట మునిగింది. ఉత్తరం నుంచి వచ్చే సింధు పాయకు ఆ గట్టు అడ్డుపడింది. 1826లో వచ్చిన పెద్ద వరద దాన్ని కోసుకుని దాటింది.

భూమి లోపలి నీళ్లు కూడా ఆనవాళ్లు ఇస్తాయి. భ్రంశంలో నలిగిన రాయి చాలాచోట్ల బంకమట్టి అవుతుంది. అది భూగర్భజలాన్ని ఆపేస్తే నీరు పైకి ఊరుతుంది. పొడి నేలలో ఊటలు, మడుగులు, పచ్చని చెట్లు ఒకే వరుసలో కనిపిస్తే అనుమానించవచ్చు.

అయితే తిన్నగా ఉన్న ప్రతి గీతా భ్రంశం కాదు. రాతిలో ఏ జరుగుడూ లేని నెర్రెలు కూడా తిన్నగానే ఉంటాయి. ఒకే రాతి పొర ఆ గీతకు రెండు వైపులా వేర్వేరు చోట్ల దొరికితే జరుగుడు ఖాయం. స్కాట్లండ్‌లో లాక్ నెస్ సరస్సున్న పొడవాటి లోయ భ్రంశం మీదే ఉంది. కానీ లోయను తవ్వింది భ్రంశం కాదు, నలిగి బలహీనపడిన రాతిని హిమానీనదాలు సులువుగా గీకేశాయి.

వాగులు కనబడని ఊళ్లలో మనం వేసుకున్న తిన్నని గీతలు పనికొస్తాయి. కాలిఫోర్నియాలోని హేవర్డ్‌లో భ్రంశం పెద్ద భూకంపం లేకుండానే ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతూ ఉంటుంది. అక్కడొక వీధి మూలన ఫుట్‌పాత్ అంచు రెండుగా విడిపోయి పక్కకు తప్పుకుంటుంటే భూవిజ్ఞానులు దశాబ్దాల పాటు ఫొటోలు తీశారు. 2016లో మునిసిపల్ పనివాళ్లు దాన్ని తవ్వేసి వీల్‌చైర్ల కోసం ర్యాంపు కట్టేశారు. భూవిజ్ఞానులు లబోదిబోమన్నారు గానీ, భ్రంశం ఆగేది కాదు కాబట్టి ఆ ర్యాంపూ వంకరపోక తప్పదు.