‘ఫలితం తేలాక చూద్దాం’: ఎన్నికల పిచ్చి, పోయిన ఉద్యోగం, కొన్ని అపోహలు

నిన్న ఒక కుర్రాడు వచ్చాడు. ఇంజనీరింగ్ అయి అయిదేళ్లు, ఉద్యోగం పోయి ఏడు నెలలు. రెజ్యూమే చూపించమంటే ఫోను తీశాడు. తెర మీద తెరుచుకున్నది రెజ్యూమే కాదు, 175 నియోజకవర్గాల పట్టిక. ఒక్కో స్థానానికి 2014, 2019, 2024 మెజారిటీలు, ఆ పక్కన 2029 అంచనా, గడిగడికీ పార్టీ రంగు. ‘సారీ సార్, పొరపాటున వచ్చింది’ అని మూసేయబోయాడు. నేనే ఆపి పది నిమిషాలు చూశాను. అంత శుభ్రమైన ఎక్సెల్ పని ఈ ఏడాది ఏ అభ్యర్థి దగ్గరా చూడలేదు. తర్వాత రెజ్యూమే తెరిస్తే అందులో ‘ఎక్సెల్: సాధారణ పరిజ్ఞానం’ అని ఉంది.

వెళ్లేముందు ఒక మాటన్నాడు. ‘2029లో మనవాళ్లు వస్తే అన్నీ సర్దుకుంటాయి సార్.’ ఆ ‘మనవాళ్లు’ ఎవరన్నది నాకు అనవసరం. అన్ని పార్టీల వాళ్లూ నా ఎదుటి కుర్చీలో కూర్చుని ఇదే మాట అన్నారు. పదిహేడేళ్లు నియామకాల పని చేసి, ఇప్పుడు ఉద్యోగం పోయినవాళ్లకు సలహాలిచ్చే పనిలో ఉన్నాను. ఈ మాట వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: ముందు ఫలితం తేలనివ్వండి, తర్వాత నా సంగతి చూసుకుంటాను

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మిగతావి దీని పిల్లలు.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ ఏప్రిల్ 11న, లెక్కింపు మే 23న. మధ్యలో 42 రోజులు. 2024లో మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు, అంటే 22 రోజులు. ఈ రోజులను మాత్రమే లెక్కేసుకుని ‘నెలేగా’ అంటారు. అసలు ఎదురుచూపు అభ్యర్థుల జాబితాతో మొదలవుతుంది. పొత్తు ఖరారైతే చూద్దాం, మ్యానిఫెస్టో రానివ్వండి, పోలింగ్ శాతం తెలియనివ్వండి, ఎగ్జిట్ పోల్స్ రానివ్వండి. ఫలితం వచ్చాక ప్రమాణ స్వీకారం, తర్వాత మంత్రివర్గం, ఆ తర్వాత నామినేటెడ్ పదవులు. ఓడితే ఎందుకు ఓడామన్న చర్చకు ఇంకో ఆరు నెలలు. చూస్తుండగానే రెజ్యూమేలో ఏడాదిన్నర ఖాళీ.

నియామకాలు చేసేవాళ్లకు తెలిసిన విషయం ఒకటి చెబుతాను. మన దగ్గర చాలా కంపెనీలకు ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. కొత్త బడ్జెట్, కొత్త ఖాళీలకు అనుమతి అప్పుడే వస్తాయి. బోనసో ఇంక్రిమెంటో చేతికి అందాక పాతవాళ్లు రాజీనామాలు ఇచ్చేదీ ఆ రోజుల్లోనే. అంటే ఏప్రిల్, మే నెలల్లో తలుపులు తెరిచి ఉంటాయి. లోక్‌సభ ఎన్నికలు, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికలు కూడా సరిగ్గా అప్పుడే వస్తున్నాయి. అందరూ టీవీ ముందు కూర్చున్న వేళ ఎవరో ఒకరు ఆ తలుపులో దూరిపోతారు.

2019లో ఒకతనికి నేనే ఆఫర్ ఇప్పించాను. టెస్టింగ్ పని, జీతమూ బాగానే ఉంది. మే మొదటి వారంలో చేరాలి. ‘ఊళ్లో పని ఉంది, 27న చేరతాను’ అని మెయిల్ పెట్టాడు. ఆ పని ఏమిటో నాకు తెలుసు: తన నియోజకవర్గంలో కౌంటింగ్ ఏజెంట్ల జాబితా తయారు చేస్తున్నాడు. కంపెనీవాళ్లు సరేనన్నారు. పద్దెనిమిదో తేదీకల్లా ఆ ప్రాజెక్టు అవసరం తీరిపోయింది, ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. ఆఫర్ లెటర్‌లో చేరే తేదీ ఉత్తినే వేయరు. అది దాటితే ఆ కాగితానికి ఎంత బలముంటుందో, అందులో సన్న అక్షరాల్లో ఏముందో చదివినవాళ్లకు తెలుస్తుంది. అతను అభిమానించిన పార్టీ గెలిచింది. అతనికి మళ్లీ ఉద్యోగం దొరకడానికి పధ్నాలుగు నెలలు పట్టింది.

ఓడిన పార్టీల సంగతి వేరు. తెలుగుదేశం 2019లో 23 దగ్గర ఆగి, 2024లో 135కి వెళ్లింది. వైఎస్సార్ కాంగ్రెస్ 2014లో 67, 2019లో 151, 2024లో 11. జనసేన ఒకటి నుంచి 21. పార్టీ పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. దానికి నిధులున్నాయి, నాయకులున్నారు, కార్యకర్తలున్నారు. ముప్పయ్యో పడిలో పడబోయే టెస్టింగ్ ఇంజనీరుకు ఆ అయిదేళ్లు వయసు కింద జమ అవుతాయి, అనుభవం కింద కాదు.

ఇలా రాస్తున్నానని వీళ్లను సోమరులనుకోకండి. అలా అనుకునే తండ్రులు నా దగ్గరికి కొడుకులను లాక్కొస్తుంటారు, వాళ్లతోనూ నాకు పోట్లాటే. ఉద్యోగం పోయినవాడిని ఇంట్లో రోజూ అడిగేది ఒకటే ప్రశ్న: ఏమైంది? ఫోనులో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అక్కడ ‘అన్నా, రాయలసీమ లెక్క చెప్పు’ అంటారు. చెబితే వంద మంది మెచ్చుకుంటారు. పొద్దున ఇంటర్వ్యూలో కాదనిపించుకుని వచ్చినవాడికి రాత్రి ఆ వంద మెచ్చుకోళ్లు ఎంత హాయినిస్తాయో నాకు తెలుసు. నొప్పి మాత్ర లాంటిదది. పన్ను పుచ్చిందన్న సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

పోటీ పరీక్షలు రాసేవాళ్ల కోపమైతే పూర్తిగా న్యాయమైనది. తెలంగాణ గ్రూప్-1 తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. డిసెంబరులో ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఇంత జరిగాక రాజకీయాలు మాట్లాడొద్దని వాళ్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ మూడోసారి ప్రిలిమ్స్ తేదీ ఏమిటో చూడండి: 2024 జూన్ 9, ఆదివారం. దేశమంతా లోక్‌సభ ఫలితాలు చూసింది జూన్ 4న. ఆ అయిదు రోజుల్లో ఏ స్థానంలో ఎవరికి ఎంత మెజారిటీ వచ్చిందో పొల్లు పోకుండా చెప్పగలిగిన ఒక అమ్మాయి, పరీక్షలో వచ్చిన ప్రశ్నల గురించి నా దగ్గర నోరు విప్పలేకపోయింది. ఏడ్చింది కూడా. నేనేమీ అనలేదు. మంచినీళ్లిచ్చాను.

అపోహ: మనవాళ్లు గెలిస్తే నన్ను చూసుకుంటారు

ఎవరు చూసుకుంటారు? లెక్క నేను చెబుతాను. రాజ్యాంగం ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య అసెంబ్లీ స్థానాల్లో 15 శాతం దాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 26, తెలంగాణలో 18. గెలిచిన ఎమ్మెల్యేల్లోనే ఎక్కువమందికి పదవి దక్కదు. కార్పొరేషన్లు, మార్కెట్ కమిటీలు, ఆలయ పాలకమండళ్లకు టికెట్ త్యాగం చేసినవాళ్లు, పదేళ్లుగా జెండా మోసినవాళ్లు వరుసలో ఉంటారు. ఆ వరుసలో ‘ఫోనులో బాగా వాదించాడు’ అన్న అర్హతకు ఎక్కడ చోటు? అదృష్టం బాగుండి దొరికినా అది ఉద్యోగం కాదు. ప్రభుత్వం మారిననాడు రాజీనామా అడుగుతారు.

‘ఔట్‌సోర్సింగ్‌లో పెట్టిస్తే చాలు, తర్వాత పర్మనెంట్ చేస్తారు’ అనేవాళ్లు 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఉమాదేవి కేసులో చెప్పింది ఒకసారి చదవాలి. సరైన నియామక ప్రక్రియ లేకుండా చేరినవాళ్లు క్రమబద్ధీకరణను హక్కుగా అడగలేరు. ప్రభుత్వాలు అప్పుడప్పుడు కొందరిని క్రమబద్ధీకరించిన మాట నిజమే. ఎమ్మెల్యే గారి సిఫారసు ఉత్తరం పట్టుకుని ఆ అప్పుడప్పుడు కోసం పదేళ్లు కూర్చోవడం మీ ఇష్టం.

ఫలితంతో ఉద్యోగాలకు ఏ సంబంధమూ లేదని చెబితే అదీ అబద్ధమే. అమరావతిలో 2019 తర్వాత పనులు ఆగాయి, 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా మళ్లీ మొదలయ్యాయి. ఆ మధ్యలో అక్కడి సైట్ ఇంజనీర్ల బతుకులు నిజంగానే ఫలితంతో మారాయి. నెలకు 5,000 గౌరవ వేతనంతో పనిచేసిన గ్రామ, వార్డు వాలంటీర్ల సంగతీ అంతే. మీ జీతం ప్రభుత్వ బిల్లుల మీద ఆధారపడి ఉంటే ఫలితం గురించి ఆందోళన పడటంలో తప్పు లేదు. అలాంటివాళ్లకు నేను చెప్పేది పోలింగ్‌కు ముందే ఇంకో రెండు చోట్ల దరఖాస్తు పెట్టుకోమని. కానీ నా దగ్గర ‘ప్రభుత్వం మారి నా ఉద్యోగం పోయింది’ అన్నవాళ్లలో ఎక్కువమంది విదేశీ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు. ఆ బ్యాంకుకు మన ముఖ్యమంత్రి ఎవరో తెలియదు.

మిగతావి, త్వరగా

‘66ఏ కొట్టేశారు కదా, ఏం రాసినా కేసు పెట్టలేరు.’ ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసిన మాట నిజం. భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడానికి 196, వదంతులకు 353 ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగులకైతే ప్రవర్తనా నియమావళి వేరే ఉంది. ఖాతాలో పేరు మార్చుకున్నంత మాత్రాన అది వర్తించకుండా పోదు.

‘నోటీసు వచ్చింది, ఇక నా పని అయిపోయింది.’ రాత్రి పదింటికి ఫోను చేసి ఈ మాట అనేవాళ్ల గొంతు వణుకుతుంటుంది. పోలీసు నోటీసు అంటే అరెస్టు కాదు. విచారణకు రమ్మంటున్నారు, వకీలును కలిసి, చెప్పిన తేదీకి వెళ్లండి. దాన్ని పట్టించుకోకుండా ఊరుకుంటే అరెస్టు దాకా రావచ్చు. ఇక ఉద్యోగం విషయంలో, వెరిఫికేషన్ ఫారంలో ‘మీ మీద కేసులున్నాయా’ అని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ విషయమంతా విడమరిచి చెప్పింది. చిన్న కేసును నిజాయితీగా చెప్పినవాళ్ల పరిస్థితిని యాజమాన్యం పరిశీలించవచ్చు, దాచినవాళ్లకు ఆ దాచడమే పెద్ద నేరమై కూర్చుంటుంది. నేను వెరిఫికేషన్ చూసిన ఏళ్లలో ఉద్యోగాలు పోయింది ఎక్కువగా దాపరికం వల్లే.

‘డిలీట్ చేశాను కదా.’ స్క్రీన్‌షాట్ తీసినవాడు డిలీట్ చేయలేదు.

ఎన్నికల పందేల గురించి రాయడానికి ఓపిక లేదు. కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. పందెం ఒప్పందం చెల్లదని అందులోనే ఉంది. ఓడితే డబ్బు పోతుంది, గెలిచి అవతలివాడు ఎగ్గొడితే కోర్టు కూడా ఇప్పించదు. ఉద్యోగం పోయినప్పుడు కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ డబ్బు అందులో పెట్టినవాళ్లను నలుగురిని చూశాను.

నా సంగతి

ఇంత మాట్లాడుతున్న నేనేమీ తక్కువ తినలేదు. 2009 ఫిబ్రవరిలో, మాంద్యంలో, నా ఉద్యోగం పోయింది. ఇతరుల చేతిలో కాగితం పెట్టి పంపించే పని చేసినవాడిని, నా చేతిలో ఎవరో కాగితం పెట్టారు. అప్పుడు ఉమ్మడి రాష్ట్రం, 294 స్థానాలు. రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని ఒక్కో స్థానానికి సగం పేజీ కేటాయించాను. ప్రజారాజ్యం ఎవరి ఓట్లు చీలుస్తుందన్నది ఆ రోజుల్లో మహా చర్చ. రాత్రి రెండింటి దాకా అదే పని. మే మొదటి వారంలో పాత పైఅధికారి ఒకాయన ఫోను చేసి, ‘మా దగ్గర ఒక ఖాళీ ఉంది, పన్నెండున వచ్చి మాట్లాడు’ అన్నారు. లెక్కింపు 16న. ‘పద్దెనిమిదిన వస్తాను సార్, ఇంట్లో చిన్న కార్యం ఉంది’ అన్నాను.

కాంగ్రెస్‌కు 150 దాటుతాయని రాసుకున్నాను. 156 వచ్చాయి. ఆ సాయంత్రం ఎవరికైనా చూపించాలని నోటు పుస్తకం చేత్తో పట్టుకుని హాల్లోకి వెళ్లాను. మా ఆవిడ పాలవాడి బిల్లు, కరెంటు బిల్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. పుస్తకం లోపల పెట్టేశాను. పద్దెనిమిదిన వెళ్తే ఆ ఖాళీలో వేరే అతను చేరిపోయి, కుర్చీ ఎత్తు సరిచేసుకుంటున్నాడు. నాకు నవంబరులో దొరికింది, తక్కువ జీతానికి.

నిన్నటి కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. పట్టిక గురించే మాట్లాడాను. మూడు ఎన్నికల సమాచారం ఒకచోటికి ఎలా తెచ్చావని అడిగితే, ఎన్నికల సంఘం ఫారం-20 (ఓట్ల తుది లెక్కల పత్రం) పీడీఎఫ్‌ల నుంచి పోలింగ్ బూత్‌లవారీ అంకెలు తీసి శుభ్రం చేశానన్నాడు. తప్పులు ఎలా పట్టుకున్నావంటే, ప్రతి స్థానంలో మొత్తం ఓట్లతో సరిచూసే సూత్రం రాసుకున్నానన్నాడు. ఈ పనిని డేటా అనలిస్ట్ అంటారని, దీనికి జీతమిస్తారని చెబితే అనుమానంగా చూశాడు. పార్టీల పేర్లు తీసేసి, రెజ్యూమేతో జత చేసి పంపమన్నాను. 2029 అంచనా కాలమ్ కూడా తీసేయాలా అని అడిగాడు. తీసేయమన్నాను. చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు.

రాత్రి పదకొండింటికి పంపాడు. పార్టీల పేర్ల స్థానంలో ఏ, బి, సి అని పెట్టాడు. రంగులు మాత్రం అవే ఉంచాడు.