పెంటకుప్పకు పోయే బువ్వతో పొయ్యి వెలిగించడం

చిరంజీవులకు ఆశీస్సులు.

కుళ్లిన పండ్లు, మిగిలిన అన్నంతో ఇంట్లోనే ఇథనాల్ చేసి బండిలో పోయొచ్చా అని అడిగారు. చక్కెర ఉంటే ఈస్టు, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి, దాన్ని ఇథనాల్‌గా మారుస్తుంది, అది నిజమే. కిలో చక్కెర పూర్తిగా పులిస్తే అర కిలోకి కాస్త ఎక్కువ ఇథనాల్ రావాలి. కానీ అన్నంలో ఉన్నది పిండిపదార్థం, ఈస్టు దాన్ని నేరుగా తినలేదు. వచ్చిన ఇథనాల్ కూడా నీళ్లలో కలిసే ఉంటుంది. వేరు చేయాలంటే బట్టీ పెట్టి కాచాలి. దానికి బోలెడు మంట కావాలి, ఆ ఆవిరి అంటుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పైగా ఎక్సైజ్ అనుమతి లేకుండా కాచడం నేరం. అందుకే దాని జోలికి పోకండి. అదే చెత్తను పెండతో కలిపి గాలి తగలకుండా ఉంచితే మీథేన్ అనే మండే గ్యాసు వస్తుంది. అది నీళ్లలో నిలవదు, బుడగలై తనంతట తానే పైకి వస్తుంది.

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము మూత కోసేయండి. అందులోకి బోర్లా దిగే చిన్న డ్రమ్ము కావాలి, 50 సెంటీమీటర్ల అడ్డం ఉంటే చాలు. గ్యాసు దాని కింద చేరి దాన్ని పైకి లేపుతుంది. చుట్టూ రెండు వేళ్ల సందు ఉండాలి. పెద్ద డ్రమ్ము అడుగున పక్కకు 3 అంగుళాల పీవీసీ పైపు బిగించి, బయట అంచుకంటే పైకి లేపండి. మేత, అంటే రుబ్బిన చెత్త, పోసేది అందులోనే. అంచుకు నాలుగు వేళ్ల కింద 2 అంగుళాల పైపు పెడితే వాడిన ద్రవం బయటికి పోతుంది. చిన్న డ్రమ్ము నెత్తిన అర అంగుళం వాల్వు పెట్టండి. అతుకులన్నిటికీ సబ్బునురుగు రాసి చూడండి, బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టే.

80 కిలోల తాజా పెండను 80 లీటర్ల నీళ్లలో గడ్డల్లేకుండా కలిపి పోయండి. నల్లా నీళ్లయితే ఒక రోజు బకెట్లో ఉంచాలి, క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది. మొదట వచ్చే గ్యాసులో బొగ్గుపులుసు వాయువే ఎక్కువ, మండదు. డ్రమ్ములోని గాలి కూడా అందులో కలిసి ఉంటుంది కాబట్టి దగ్గర మంట లేకుండా ఆరుబయట వదిలేయండి. రెండు నుంచి నాలుగు వారాలకు నీలిమంట వస్తుంది. వెలిగించడం పెద్దవాళ్ల పని, అదీ పొయ్యి దగ్గరే, డ్రమ్ము వాల్వు దగ్గర ఎప్పుడూ కాదు. సిలిండర్ పొయ్యిలో గ్యాసు చిమ్మే రంధ్రం (జెట్టు) దీనికి సన్నం, బయోగ్యాస్ పొయ్యే కావాలి. వాల్వు నుంచి పొయ్యికి వెళ్లే గొట్టం వంగిన చోట నీళ్లు చేరి మంట ఎగిరెగిరి పడుతుంది, అక్కడొక చిన్న నల్లా పెట్టి వంపేయండి.

చిన్న డ్రమ్ము మీద సుద్దతో గీతలు గీయండి. అది సెంటీమీటరు లేస్తే లోపల దాదాపు 2 లీటర్ల గ్యాసు చేరినట్టు. మేత మొదట రోజుకు 100 గ్రాములు, మెల్లగా అర కిలో దాకా పెంచండి. మిక్సీలో మెత్తగా రుబ్బి, రెండింతల నీళ్లు కలపండి. బాగా నడిస్తే రోజుకు 40, 50 లీటర్లు, అంటే చిన్న పొయ్యి మీద పావుగంట మంట. వంటంతా దీని మీదే కావాలంటే 1000 లీటర్ల ట్యాంకు కట్టాలి.

చెడేది ఎక్కువగా అత్యాశ వల్లే. పెండ్లిలో మిగిలిన అన్నమంతా ఒక్కసారే పోస్తే ఆమ్లం చేసే సూక్ష్మజీవులు గబగబా తింటాయి, మీథేన్ చేసేవి నెమ్మదివి, వెనకబడిపోతాయి. పుల్లటి వాసన వస్తుంది, డ్రమ్ము లేస్తుంది కానీ మంట నిలవదు. పులుపు కొలిచే పీహెచ్ కాగితం 6.5 కంటే తక్కువ చూపిస్తే వారం మేత ఆపండి, ఒక బకెట్ పెండనీళ్లు, కొంచెం సున్నపు తేట పోయండి. అప్పుడు 7 దగ్గరికి వస్తుంది. నిమ్మ, బత్తాయి తొక్కలు, ఎముకలు, గుడ్డు పెంకులు, సబ్బునీళ్లు వేయొద్దు.

వరంగల్ చలికి డిసెంబరు, జనవరిలో గ్యాసు తగ్గుతుంది. తగ్గింది కదా అని మేత పెంచితే పులుస్తుంది, సగం చేయండి, గోరువెచ్చని నీళ్లు వాడండి. డ్రమ్మును ఎండలో పెట్టండి. సంక్రాంతి వెళ్లి ఎండ ముదురుతున్నప్పుడు మొదలుపెడితే త్వరగా అందుకుంటుంది. బయటికొచ్చే ద్రవాన్ని అంతే నీళ్లతో కలిపి బెండ, వంకాయ మొదళ్లలో పోయండి.

మీ తాత