యాక్సిడెంట్ అయిన రోజే చేతులారా పోగొట్టుకునేవి: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు చూస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి పని కోసం వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది. పోలీసులంటే భయంతో, భాష రాదన్న బెరుకుతో మొదటి రోజే కేసు చెడగొట్టుకుంటారు.

అపోహ: పోలీసు గొడవ ఎందుకు, ఆసుపత్రిలో "బండి జారి పడ్డాను" అంటే చాలు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మీరు ఏం చెబితే డాక్టరు అదే రాసుకుంటారు. ఆపరేషన్ ఖర్చు లక్షలు దాటాక కేసు వేస్తే, ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు మొదట తెప్పించేది ఆ కాగితమే. "తనే పడ్డాడు, కారు సంగతి తర్వాత కల్పించారు" అని వాదిస్తారు. దాన్ని తిప్పికొట్టడం చాలా కష్టం. కాబట్టి ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ బండి గుద్దిందో ఉన్నదున్నట్టు చెప్పి ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన గాయం కేసుగా ఆసుపత్రి రాసే నమోదు) రాయించండి. బండి నంబరు తెలియకపోతే తెలియదనే చెప్పండి, ఊహించి చెప్పొద్దు. గుద్దిన బండి ఎప్పటికీ దొరక్కపోయినా చట్టం ప్రకారం మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి.

బెంగళూరులో యాక్సిడెంట్ కేసులు ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో నమోదవుతాయి. ఫిర్యాదు కన్నడంలో రాస్తే, చదివి వినిపించమని అడిగి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

అపోహ: డబ్బు కడితేనే వైద్యం.

అత్యవసర వైద్యం ముందు, మిగతా లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా నగదు లేకుండా వైద్యం ఉంది. 112కి ఫోన్ చేయండి.

అపోహ: కాపాడినవాళ్లే కేసులో ఇరుక్కుంటారు.

మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ కాపాడినవాళ్లకు రక్షణ. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

అపోహ: గుద్దాక ఆగితే జనం కొడతారు, పారిపోవడమే మేలు.

ఆ భయం చట్టానికీ తెలుసు. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత అంటూనే, జనం దాడి చేసే పరిస్థితి ఉంటే 134వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయితే అక్కడి నుంచి వెళ్లాల్సింది ఇంటికి కాదు, దగ్గరి పోలీస్ స్టేషన్‌కి. ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా.

అపోహ: హెల్మెట్ లేదు కాబట్టి పైసా రాదు.

హెల్మెట్ లేకపోవడం తప్పే, జరిమానా పడుతుంది. తల గాయం దానివల్లే పెద్దదైందని తేలితే పరిహారం కొంత తగ్గవచ్చు. అంతమాత్రాన మీ హక్కు పోదు. గుద్దినవాడికి లైసెన్స్ లేకపోయినా, చాలా కేసుల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ముందు మీకు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకునేలా కోర్టులు ఆదేశిస్తున్నాయి.

అపోహ: బెంగళూరులో జరిగింది కాబట్టి వాయిదాలకు ఇక్కడికే తిరగాలి.

అక్కర్లేదు. అదే చట్టం 166వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటి ట్రిబ్యునల్లోనూ (ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టు) కేసు వేయవచ్చు. కాలికి రాడ్ వేయించుకుని హిందూపురంలో అమ్మానాన్నల దగ్గర ఉంటున్నవాళ్లకు ఇది ఎంత ఊరటో చెప్పలేను. కాకపోతే ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలని చట్టంలో ఉంది, ఆ గడువు దాటనివ్వకండి. ఊరికి వెళ్లేముందు ఎఫ్ఐఆర్, వూండ్ సర్టిఫికెట్ (గాయాల వివరాలతో డాక్టరు ఇచ్చే పత్రం), డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, జీతం స్లిప్పులు వెంట తీసుకెళ్లండి.