టీ-17 మైకు మూగబోయింది ఎందుకు?

టీ-17 మైకు చేతికొస్తే ఎవరైనా ముందు చేసేది దాన్ని ఇప్పటి రిగ్‌కు, అంటే రేడియో సెట్టుకు, తగిలించి పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కిపట్టే బటన్) నొక్కడం. మాట వెళ్లదు. పాడైపోయిందనుకుని పక్కన పడేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. చాలాసార్లు మైకు బాగానే ఉంటుంది, దానికి కావలసిన కరెంటు మనం ఇవ్వలేదంతే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఈ మైకులో కార్బన్ రేణువులు నింపిన చిన్న డబ్బీ ఉంటుంది. మాట్లాడుతుంటే పలుచటి రేకు ఆ రేణువులను నొక్కుతూ వదులుతూ ఉంటుంది, దాంతో వాటి గుండా పారే కరెంటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అసలు డీసీయే (బ్యాటరీ ఇచ్చేలాంటి, ఒకే దిశలో పారే కరెంటు) ఇవ్వకపోతే సిగ్నల్ ఎక్కణ్నుంచి వస్తుంది? 1870ల్లో టెలిఫోన్ కోసం కనిపెట్టిన పద్ధతి ఇది. సైన్యం దీన్నే పట్టుకుని ఉండటానికి కారణముంది, డైనమిక్ మైకు (అయస్కాంతం, తీగచుట్టతో బయటి కరెంటు లేకుండానే పనిచేసేది) ఇచ్చే మిల్లీవోల్టులతో పోలిస్తే దీని సిగ్నల్ ఎన్నో రెట్లు పెద్దది, అందుకని ట్రాన్స్‌మిటర్లో సిగ్నల్‌ను పెంచే వాల్వులు ఒకటో రెండో తగ్గించుకోవచ్చు, విమానంలో ప్రతి వాల్వూ బరువే, కరెంటు ఖర్చే.

గొంతు తియ్యగా వినపడక్కర్లేదు, ఇంజన్ల హోరులో మాట అర్థమైతే చాలు. మెడకు కట్టుకునే టీ-30 హోరును బాగానే ఆపింది గానీ స, ష, ఫ లాంటి శబ్దాలు నోటి దగ్గర పుడతాయి కదా, అవి మెడ దగ్గర అందవు, మాట ముద్దగా వచ్చేది. పెదవి మీద ఆనించుకునే టీ-45కి ముందూ వెనకా రంధ్రాలు పెట్టారు. దూరపు హోరు రెండు వైపులా ఒకేలా తాకి రద్దైపోతుంది, పెదవుల దగ్గరి మాట మాత్రం ఒక వైపే గట్టిగా తాకుతుంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఉపాయమే.

1941 డిసెంబర్లో యుద్ధంలోకి దిగగానే అమెరికాలో హ్యామ్‌ల (సరదాకి రేడియో నడిపే ఔత్సాహికుల) ప్రసారాలు ఆపేశారు. 1945 నవంబర్ నుంచి వాళ్ల బ్యాండ్లు (ప్రసారానికి వాడే ఫ్రీక్వెన్సీలు) దశలవారీగా తిరిగిచ్చారు, ఆ తర్వాత సైన్యం దగ్గర మిగిలిపోయిన సామాను చవగ్గా అమ్మకానికొచ్చింది. విమానాల్లో వాడిన కమాండ్ సెట్ రేడియోలు, బీసీ-348 రిసీవర్లు, వాటితో పాటే ఈ మైకులూ ఇళ్లకు చేరాయి.

చిక్కు తర్వాత మొదలైంది. హెచ్-250 లాంటి కొత్త తరం సైనిక హ్యాండ్‌సెట్లో ఉన్నది డైనమిక్ మైకు. దానికి డీసీ తగలకూడదు, రిగ్ మైకు పిన్నులో వోల్టేజీ ఉంటే మధ్యలో డీసీని ఆపే కెపాసిటర్ వేయాలి. టీ-17కి సరిగ్గా దీనికి తలకిందులు: చిన్న బ్యాటరీ, ట్రాన్స్‌ఫార్మర్, లెవెల్ తగ్గించడానికి ఒక పొటెన్షియోమీటర్ కావాలి.

దాని పీఎల్-68 ప్లగ్గు కూడా మామూలు పావు అంగుళం ప్లగ్గు కాదు, కాస్త సన్నం, 0.206 అంగుళాలు. కొనలో పీటీటీ, మధ్య రింగులో మైకు, మిగతాది గ్రౌండ్. చిన్న విమానాల హెడ్‌సెట్లకు ఈ రోజుకీ ఆ సైజు మైకు ప్లగ్గే ఉంటుంది, లోపలి ఎలక్ట్రెట్ మైకు కూడా చిన్న యాంప్లిఫయర్ పెట్టుకుని కార్బన్ మైకులాగే కరెంటు తీసుకుంటూ పనిచేస్తుంది.

అన్నీ సరిచూశాక కూడా టీ-17లో మాట బలహీనంగా వస్తే, కరెంటు ఆపేసి దాన్ని అరచేతి మీద మెల్లగా రెండుసార్లు తట్టండి, గడ్డకట్టిన రేణువులు విడిపోతాయి.