56 డిగ్రీల దగ్గర చచ్చేది, చావనిది

హన్మకొండలో ఒక చిన్న ల్యాబులో పని నేర్చుకునే రోజుల్లో నా డ్యూటీ వాటర్ బాత్‌కు కాపలా. వీడీఆర్ఎల్ అనే సిఫిలిస్ పరీక్షకు వచ్చిన సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచాలి. ఎందుకన్నా అని అడిగితే సీనియర్ చెప్పిన జవాబు: "కాంప్లిమెంట్ సావాలె తమ్మీ. లేకుంటే టెస్ట్ కరాబైతది." కాంప్లిమెంట్ అంటే నాకు అప్పటికి తెలిసింది పొగడ్త ఒక్కటే!

1890ల్లో జూల్స్ బోర్డే అనే బెల్జియం శాస్త్రవేత్త ఇదే వేడితో ఒక సంగతి పట్టుకున్నాడు. కలరా క్రిమిని చంపే, టీకా ఎక్కించిన జంతువు సీరాన్ని వేడిచేస్తే ఆ శక్తి పోయింది. టీకా ఎక్కించని జంతువు తాజా సీరం కాస్త కలిపితే మళ్లీ వచ్చింది. అంటే క్రిమిని గుర్తుపట్టి అతుక్కునే, ఈ వేడికి చావని యాంటీబాడీకి తోడు, చచ్చేది ఇంకేదో ఉంది. యాంటీబాడీ పనిని పూర్తిచేసేది కాబట్టి జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ దానికి కాంప్లిమెంట్ అని పేరు పెట్టాడు. అది ఒకటి కాదు, 30కి పైగా ప్రొటీన్లు. ఎక్కువ భాగం లివర్‌లో తయారై రక్తంలో తిరుగుతాయి. వాటిలో పెద్దదిక్కు సీ3. అది తెగితే చిన్న ముక్క సీ3ఏ వాపును రేపుతుంది, పెద్ద ముక్క సీ3బి క్రిమికి అతుక్కుంటుంది.

రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాల పాఠం వేరే చోట ఉండేది. కాంప్లిమెంట్‌కూ వాటికీ చుట్టరికం ఉందని మాకెవరూ గట్టిగా చెప్పలేదు.

2013లో క్లాడియా కెంపర్, జాన్ ఆట్కిన్సన్ అనే శాస్త్రవేత్తల బృందాలు మనిషి టీ కణం లోపలే సీ3ని చూశాయి. కెథెప్సిన్ ఎల్ అనే ఎంజైమ్ దాన్ని అక్కడే కోస్తుంది. ఊరికే ఉన్న కణం బతకడానికి ఆ సీ3ఏ కావాలి. కణం మేల్కొన్నాక సీ3బి పైపొరకు వచ్చి, అదే కణం మీది సీడీ46 అనే గ్రాహక ప్రొటీన్‌ను తడుతుంది. అప్పుడు దాడికి ఉసిగొల్పే ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ వస్తుంది. తర్వాత ఐఎల్-2 అనే ఇంకో సంకేతం పెరిగితే అదే సీడీ46 ఐఎల్-10 అనే శాంతింపజేసే సంకేతాన్ని తెప్పించి జోరు తగ్గిస్తుంది. ఉసిగొల్పేదీ అదే, ఆపేదీ అదే.

ఖిలా వరంగల్‌లో మట్టికోట దాటితేగాని రాతికోట రాదు. రక్తమనే మట్టికోటకు కాపలా అనుకున్న కాంప్లిమెంట్, టీ కణమనే రాతికోట లోపల కాపురమున్నట్టు తేలింది. ఇన్నాళ్లు తెలియకపోవడంలో ఎలుకల పాత్ర కూడా ఉంది. వాటిలో సీడీ46 వృషణాల్లో తప్ప కనిపించదు, మన ప్రయోగాలేమో ఎక్కువగా వాటి మీదే.

ఆటోఇమ్యూన్ (మన రక్షణ వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేసే) కీళ్లవాతం ఉన్నవాళ్ల టీ కణాల్లో ఈ లోపలి కోత మితిమీరి ఉంది. కణంలోకి చొరబడే మందుతో కెథెప్సిన్ ఎల్‌ను ఆపితే, ల్యాబులో ఆ కణాలు దారికొచ్చాయి. రక్తంలో కాంప్లిమెంట్‌ను పట్టుకునే యాంటీబాడీ మందులకు ఆ లోపలి గడప దాటడం కష్టం.