చిక్కుముడి లేని చోట కూడా క్వాంటమ్

ఒక జత చేతి తొడుగుల్ని రెండు పెట్టెల్లో పెట్టి చెరో దిక్కుకూ పంపారనుకోండి. ఒక పెట్టెలో కుడిచేతిది కనిపిస్తే రెండోదాంట్లో ఎడమచేతిదే ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు, అది ముందే ఖాయమైన సంగతి. రెండు ఫోటాన్ల (కాంతి కణాల) మధ్య పొంతన కూడా ఇలాంటిదేనా? దీన్ని కొలిచి తేల్చవచ్చని 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ చూపించాడు.

1969లో క్లౌజర్, హార్న్, షిమోనీ, హోల్ట్ ఆ ఆలోచనను ప్రయోగానికి అనువుగా మలిచారు. ఫలితాలు ముందే ఖాయమై, ఒకచోటి కొలత రెండోచోట ప్రభావం చూపకపోతే రెండుచోట్లా వచ్చిన ఫలితాల పొంతనను కూడి వాళ్లు కట్టే లెక్క 2 దాటదు. క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం సుమారు 2.83 దాకా పోవచ్చు. 2015లో డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఎలక్ట్రాన్ స్పిన్‌ల (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే అయస్కాంత గుణాల) మీద 2.42 వచ్చింది. అంటే ఆ పొంతన తొడుగుల్లాంటిది కాదు.

అయితే 2 దాటకపోతే క్వాంటమ్ లేనట్టేనా? కాదు. ఎంటాంగిల్ అయినా, అంటే విడివిడి స్థితుల మిశ్రమంగా చెప్పలేనంతగా కణాలు పెనవేసుకున్నా (ఇదే ఆ చిక్కుముడి), ఇలాంటి ఏ బెల్ పరీక్షకూ దొరకని స్థితులున్నాయని 1989లో వెర్నర్ చూపించాడు. అలాంటివాటిని పట్టడానికే విట్‌నెస్ అనే కొలత. ఎంటాంగిల్ కాని ఏ స్థితిలోనూ దాని సగటు సున్నా కిందికి పోదు. పోయిందా, దొరికిపోయినట్టే. స్థితి మొత్తాన్నీ కొలవచ్చు కదా అంటారేమో, ఎనిమిది క్యూబిట్‌లకే (ఒక్కోటి రెండు స్థాయిల క్వాంటమ్ వ్యవస్థ) 65,535 సంఖ్యలు తేల్చాలి!

అసలు తిరకాసు ఇంకా ముందుంది. నాణేనికి బొమ్మ పడితే రెండు ఫోటాన్లనూ నిలువు పోలరైజేషన్‌తో (కాంతి తరంగం ఊగే దిశతో), బొరుసు పడితే రెండింటినీ 45 డిగ్రీల వాలుతో పంపి, ఏది పడిందో మరిచిపోదాం. ఇందులో ఎంటాంగిల్‌మెంట్ ఏ కోశానా లేదు. అయినా ఏ ఫోటాన్‌ను ఎలా కొలిచినా ఆ మిశ్రమం ఎంతో కొంత చెదరక తప్పదు. ఇలాంటి పొంతనకు 2001లో ఓలివియే, జురెక్ డిస్కార్డ్ అని పేరుపెట్టారు. అదే ఏడాది హెండర్సన్, వెడ్రల్ కూడా విడిగా ఈ ఆలోచనకే వచ్చారు.

దీని దగ్గర మామూలు విట్‌నెస్ పనిచేయదు. మన రెండు స్థితుల్నీ విడివిడిగా చూస్తే డిస్కార్డ్ సున్నా, కలిపితేనే పుడుతుంది. విడివిడిగా సున్నాకు దిగని సగటు కలిపినప్పుడు మాత్రం ఎలా దిగుతుంది? అందుకే సగటుల్ని ఒకదానితో ఒకటి గుణించే విట్‌నెస్‌లు కావాలి, లేదా ఒకే స్థితికి చెందిన పలు నకళ్లను కలిపి కొలవాలి. గది ఉష్ణోగ్రతలో ఎన్‌ఎమ్‌ఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను కొలిచే) పరికరాలతో ఈ పని చేసి చూపించారు.

నన్నడిగితే డిస్కార్డ్ దొరికిందన్న వార్తకు అంత సంబరపడనక్కర్లేదు. దాదాపు ప్రతి క్వాంటమ్ స్థితిలోనూ అది ఎంతో కొంత ఉంటుందని 2010లోనే నిరూపించారు. ఎంత ఉంది, దాంతో ఏ గణన వేగం పెరుగుతుంది అన్నదే అసలు ప్రశ్న. దాని మీద వాదన ఇంకా తెగలేదు.